డ్రాయింగు ఒప్పజెప్పించుకునే మనిషి

మీ చేతికి వచ్చిన కాగితం నిజమే చెబుతోందని మీకెవరు చెప్పారు? అచ్చులో ఉందని నమ్మారా, పైన తేదీ ఉందని నమ్మారా, కంప్యూటరు నుంచి వచ్చిందని నమ్మారా? తాయెత్తు కట్టుకున్నవాణ్ణి చూసి నవ్వే మనం ఈ ప్రశ్న దగ్గర తడబడతాం. నేను తడబడ్డాను. ఆ తడబాటుకు ఒక మనిషి ప్రాణం పోవలసింది. పోలేదు. ఓబులేసు అనే పైపులైను మేస్త్రీ ఇవాళ పొద్దున కూడా ఆళ్ళగడ్డలో గడ్డపార భుజాన వేసుకుని పనికి వెళ్ళాడంటే దానికి కారణం నా చదువు కాదు, నా హేతువాదం అసలే కాదు. మస్తాన్ వలీ అనే ముసలి డ్రాఫ్ట్స్‌మన్ మొండితనం.

మొన్న నంద్యాలలో వాన కురిసి వెలిసింది. బస్టాండు వెనక వీధిలో ఎరువుల కొట్టు ముందు నుంచి నడుస్తున్నాను. తడిసిన యూరియా బస్తాలను బయటికి లాగి ఆరబెడుతున్నారు. ముక్కు మండి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కన వచ్చే ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గబగబా దాటిపోయింది. నేను అక్కడే నిలబడిపోయాను. అది అమోనియా ఘాటు. డ్రాయింగు నకళ్ళను ఒకప్పుడు అమోనియా ఆవిరిలో తీసేవారు. పసుపు కాగితం మీద నీలి గీతలు తేలేవి, ఆ ఘాటు మాత్రం ఏళ్ళ తరబడి కాగితాన్ని వదిలేది కాదు. వలీ సార్ అలమారాలో అలాంటి చుట్టలు వందకు పైగా ఉండేవి. ఆయన అలమారా తెరిస్తే ఆఫీసంతా దగ్గేది. ఆయన మాత్రం అత్తరు కొట్టు ముందు నిలబడినట్టు తాపీగా నిలబడి, కావలసిన చుట్ట లాగి, చంకలో పెట్టుకునేవారు.

మాది మంచినీళ్ళ పైపులు వేసే కాంట్రాక్టు ఆఫీసు. నంద్యాల, ఆళ్ళగడ్డ, మధ్యలో పల్లెలు మా పని. యజమాని శివారెడ్డి. వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చినవాడు, పని మీద ప్రేమ ఉన్నవాడు, ఓపిక లేనివాడు. నేను డిప్లొమా ముగించి, కంప్యూటరులో డ్రాయింగులు గీసే క్యాడ్ నేర్చుకుని ఆ ఆఫీసులో చేరాను. అప్పటికే నాకు ఊళ్ళో కొంచెం పేరుంది, డ్రాయింగులకు కాదు, వాదనలకు. కాలేజీ రోజుల నుంచి చర్చా వేదికల మీద పెరిగాను. బాబాల విభూతి ఎలా రాలుతుందో వేదిక మీద చేసి చూపించేదాన్ని. "రుజువు ఏదీ?" అన్నది నా ఊతపదం. పెళ్ళిచూపుల్లో కూడా ఆ మాటే అన్నానని మా అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

చేరిన మొదటి రోజు వలీ సార్ నేను గీసిన షీటు చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, చాలాసేపు చూశారు. గీతలు బాగున్నాయంటారని ఎదురుచూశాను.

"ఎవరికి పాపా ఇది?" అన్నారు.

"ఇంజనీరు గారికి సార్. ఆమోదానికి."

"ఇంజనీరుకు తెలుసులే యాడ ఏముండాదో. ఇది తొవ్వేవాడికి. వాడు ఎండలో నిలబడి చూస్తాడు. చేతికి మట్టి ఉంటాది. నీ అక్షరం చీమ తల మాదిరి ఉండాది. చీమకు చూపిస్తావా?"

మరునాడు నన్ను వెంటబెట్టుకుని ఆళ్ళగడ్డ బస్సెక్కారు. చంకలో డ్రాయింగు చుట్ట, జేబులో రెండు పెన్సిళ్ళు, చేతిలో టిఫిన్ క్యారియరు. ఊరి బయట పని జరిగేచోట ఓబులేసు పరిచయమయ్యాడు. నలభై దాటిన మనిషి. నల్లరేగడి మట్టి మోకాళ్ళదాకా పట్టి ఎండిపోయి సాక్సుల్లా ఉంది. వలీ సార్ షీటును ఒక పైపు మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టి, తాను రెండడుగులు వెనక్కి జరిగి చేతులు కట్టుకున్నారు.

"ఒప్పజెప్పు ఓబులేసా."

బడిలో ఎక్కం ఒప్పజెప్పినట్టు ఓబులేసు మొదలుపెట్టాడు. వేలు గీత మీద నడుస్తుంటే కళ్ళు నేల మీద నడుస్తున్నాయి. "ఈడ నుంచి పైపు లేస్తాది. ఆడ తుమ్మచెట్టు కాడ తిరుక్కుంటాది. లోతు నాలుగడుగులు. రోడ్డు దాటేకాడ ఐదు. ఈ గుండ్రం వాల్వు. ఈ చుక్కల గీత..." ఆగాడు. "ఇది పాత పైపు సార్. దాన్ని ముట్టుకోకూడదు."

"ముట్టుకుంటే?"

"సగం ఊరికి నీళ్ళు బంద్. ఆడోళ్ళు బిందెలు తీసుకుని నా ఇంటికి వస్తారు. నీ ఇంటికి రారు."

అప్పుడు తెలిసింది నాకు, ఓబులేసుకు చదవడం రాదని. "అక్షరం రాదు మేడం, అంకె వస్తాది, గీత వస్తాది" అన్నాడు నవ్వుతూ. వలీ సార్ పద్ధతి అది. ఆయన గీసిన ఏ డ్రాయింగూ ఇలా ఒప్పజెప్పించుకోకుండా పనిలోకి పోయేది కాదు. మేస్త్రీ ఆ నేల మీద నిలబడి తన మాటల్లో తిరిగి చెప్పాలి. ఎక్కడైనా తడబడితే తప్పు మేస్త్రీది అనేవారు కాదు, పెన్సిలు తీసి డ్రాయింగునే దిద్దేవారు. ఎండలో గంటసేపు నిలబడి చూసి, ఇదంతా కాలం వృథా అనుకున్నాను. మనిషి మంచివాడు, పద్ధతి పాతది అని నాలో నేను తీర్పు కూడా ఇచ్చుకున్నాను.

ఆ కాలంలో నా తీర్పులు చాలా వేగంగా వచ్చేవి. ఒకసారి అదే పనిలో పైపు దించడానికి అంతా సిద్ధంగా ఉంటే ఓబులేసు కూలీలను కూర్చోబెట్టాడు. రాహుకాలమట. నాకు మంటెత్తింది. గట్టు మీద నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాను. రాహువు అనే గ్రహమే లేదన్నాను. ఇదే సమయంలో పక్క ఊళ్ళో బస్సులు నడుస్తున్నాయి, ఆసుపత్రిలో పిల్లలు పుడుతున్నారు, వాళ్ళందరికీ పట్టని రాహువు నీ పైపుకే పట్టాడా అన్నాను. కూలీలు శ్రద్ధగా విన్నారు. ఒకడు బీడీ కూడా ఆర్పేశాడు. నా మాటలు ముగిసేసరికి ఓబులేసు సెల్‌ఫోనులో టైము చూసి లేచి దులుపుకున్నాడు. "బాగా చెప్పినావ్ మేడం. రాహుకాలం కూడా అయిపాయ. లేయండ్రా, దించుదాం." వలీ సార్ అటు తిరిగి నవ్వడం నాకు వీపు వైపు నుంచి కూడా కనిపించింది.

తిరుగు బస్సులో ఆ కోపం ఆయన మీదికి మళ్ళించాను. "మీరూ ఐదు పూటలా నమాజు చేస్తారు. మీకు రుజువు అక్కర్లేదా సార్?"

ఆయన నొచ్చుకోలేదు. "అది నాకూ ఆయనకూ మధ్య లెక్క పాపా. ఆడ నమ్ముతా. డ్రాయింగు కాడ ఎవుర్నీ నమ్మను. నిన్ను నమ్మను, నన్ను నమ్మను. అల్లా మీద ఒట్టేసి చెప్పినా ఒప్పజెప్పమంటా."

ఆ మాటను ఆరోజు నేను తప్పించుకునే జవాబుగా లెక్కగట్టాను. ఇవాళ అనిపిస్తుంది, నేను విన్న ఉపన్యాసాలన్నిటిలోనూ అంత సూటిగా సందేహాన్ని నేర్పిన వాక్యం లేదని. నాస్తికురాలినైన నాకు ఆ పాఠం చెప్పింది నమాజు తప్పని మనిషి. నచ్చినా నచ్చకపోయినా ఇది నా అనుభవం, దాస్తే నా వాదానికే ద్రోహం.

పని పెరిగింది. ఆళ్ళగడ్డలోనే మూడు కూలీల ముఠాలు, బయట ఇంకా నాలుగు. రోజూ సాయంత్రం నలభై దాకా డ్రాయింగులు. ఒక్కొక్కటీ తెరవాలి, పెద్ద షీటును ఫోనులో కనిపించేటట్టు ముక్కలు చేయాలి, ఒక్కో ముక్కనూ పీడీఎఫ్ చేయాలి, పేరు పెట్టాలి, ఎవరి ముఠాకు వాళ్ళ ముక్క పంపాలి. చేతితో చేస్తే తప్పులు దొర్లేవి. ఒకసారి మార్పు చేసిన డ్రాయింగు ఆఫీసులోనే ఉండిపోయి, పాతది పనిలోకి పోయింది. వీధి పొడవునా వేసిన పైపును మళ్ళీ తవ్వి తీశారు. ఆ వీధివాళ్ళు అన్న మాటలు ఇక్కడ రాయను.

అప్పుడు నేను ప్రోగ్రాం రాశాను. రెండు నెలలు పట్టింది. రాత్రి భోజనాలయ్యాక కాదు, ఆఫీసులోనే, మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ. ఒక మీట నొక్కితే చాలు, అది డ్రాయింగులన్నీ వరసగా తెరుస్తుంది, తాజా మార్పు ఏదో చూసుకుంటుంది, ముక్కలు చేస్తుంది, అక్షరాలు పెద్దవి చేస్తుంది (చీమ తలల సంగతి నేను మర్చిపోలేదు), ఊరి పేరు, తేదీ వేస్తుంది, ఏ ముఠా ఫోనుకు ఏది పోవాలో అది పంపేస్తుంది. మూడు గంటల పని టీ చల్లారేలోపు అయిపోయేది. పాత డ్రాయింగు పోవడం అన్న మాటే లేకుండా పోయింది. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. అది నిజంగా మంచి పని, ఇప్పటికీ ఆ మాట వెనక్కి తీసుకోను.

శివారెడ్డి ఆనందానికి హద్దు లేదు. అటెండరు సుబ్బన్న కొబ్బరికాయ తెచ్చి కంప్యూటరు ముందు కొట్టి, తెరకు కుంకుమ బొట్టు పెట్టాడు. నేను అందరి ముందూ ఆ బొట్టు తుడిచేశాను. "ఇది లెక్క. దీనికి పూజ అక్కర్లేదు" అన్నాను. సుబ్బన్న చిన్నబుచ్చుకున్నాడు. శివారెడ్డి సర్దిచెప్పి, వలీ సార్ వైపు తిరిగాడు.

"ఇంగ ఆళ్ళగడ్డకు బస్సులో తిరిగే పని లేదు వలీ సాబ్. ఈ వయసులో ఆ ఎండెందుకు? హాయిగా ఫ్యాను కింద కూర్చోండి."

ఆయన తన బల్ల దగ్గరికి పోయి పెన్సిలు చెక్కుకున్నారు. సాయంత్రం వెళ్ళేటప్పుడు నా పక్కన ఆగారు.

"ఓబులేసు ఒప్పజెప్పినాడా?"

"అక్కర్లేదు సార్. చూడండి, రెండు నీలం టిక్కులు పడ్డాయి. చూసేశాడు."

"చూసినాడు. అర్థమైందా?"

"అర్థం కాకపోతే ఫోన్ చేస్తాడు కదా."

"అర్థం కానోడు ఫోన్ చేస్తాడు. తప్పుగా అర్థమైనోడు చెయ్యడు పాపా. వానికి అంతా బాగానే ఉన్నట్టుంటాది."

ఓడిపోయేటప్పుడు వాదనలు నేర్చినవాళ్ళు చేసే పనే నేనూ చేశాను. నవ్వి ఊరుకున్నాను. రోజూ సాయంత్రం ఆయన అదే ప్రశ్న అడిగేవారు. నేను టిక్కులు చూపించేదాన్ని. అలా నెల గడిచింది.

ఒక బుధవారం పొద్దున ఆయన సెలవు చీటీ రాసి శివారెడ్డి బల్ల మీద పెట్టి, డ్రాయింగు అలమారా వైపు నడిచారు. నాకు అర్థమైపోయింది. ఆరోజు ఆళ్ళగడ్డలో ఊరి బయట పంపుహౌసుకు పోయే మట్టిరోడ్డును అడ్డంగా తవ్వాలి. "సెలవు పెట్టి మరీ పోతున్నారా సార్?" అన్నాను. "నా సెలవు, నా బస్సు" అన్నారు. ఆయన తప్పని రుజువు చేయడానికి నేనూ బయల్దేరాను. నా లాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని, దారంతా ఆయనతో మాట్లాడకుండా కూర్చున్నాను. వేరుశనక్కాయలు కొని పొట్లం నా ఒళ్ళో పెట్టారు. తిన్నాను, కానీ మాట్లాడలేదు.

మేము చేరేసరికి జేసీబీ ఇంజను నడుస్తోంది. ముందురోజు వానకు నేల నాని ఉంది. ఓబులేసు అలవాటు ఒకటి చెప్పాలి. బండి తొట్టె దిగేచోట ముందుగా తానే నిలబడి గడ్డపారతో నేలను పొడిచి చూసేవాడు, రాయి ఉందో మట్టి ఉందో తెలుసుకోడానికి. అప్పటికే చెప్పులు విడిచి, గడ్డపార చేతబట్టి, సున్నం గీత మీద నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి మొహం విప్పారింది.

"ఏంది సార్, నెలరోజులైపాయ. మమ్మల్ని మర్చిపోయినారనుకుంటిమే."

"ఆ పార కింద పెట్టి ఒప్పజెప్పు" అన్నారు వలీ సార్.

"ఒప్పజెప్పేదేముంది సార్, మేడం పంపిన కాయితం ఫోన్లోనే ఉండాది. అక్షరాలు ఇంత పెద్దగా ఉండాయి. నాకెట్లా రావు గానీ, చూడనీకి బాగుండాయి."

"ఒప్పజెప్పు."

జేసీబీ డ్రైవరు ఇంజను ఆపకుండానే బీడీ వెలిగించుకున్నాడు. ఓబులేసు ఫోనును అరచేతిలో పెట్టుకుని వేలితో మొదలుపెట్టాడు. "ఈ పక్క నుంచి పైపు వస్తాది. రోడ్డు దాటుతాది. లోతు ఐదడుగులు. ఆ పక్క వాల్వు. మధ్యలో ఏం లేదు."

"మధ్యలో?"

"ఏం లేదు సార్. ఖాళీ."

వలీ సార్ నా వైపు చూడలేదు. రోడ్డు వైపు చూశారు. పంపుహౌసు వైపు చూశారు. "ఇంజను ఆపప్పా" అన్నారు డ్రైవరుతో. గొంతు పెద్దది చేయలేదు. ఎందుకో అతను వెంటనే ఆపేశాడు. "పాపా, నీ దాంట్లో తీయి."

లాప్‌టాప్ తెరిచాను. తెర మీద డ్రాయింగు వచ్చింది. రోడ్డుకు ఒక పక్కగా, ఓబులేసు నిలబడిన చోటే, పంపుహౌసుకు పోయే ఎర్ర చుక్కల గీత స్పష్టంగా ఉంది. భూమి లోపల కరెంటు కేబులు. నెలల కిందట వలీ సార్ లైన్‌మన్‌తో కలిసి నడిచి గుర్తుపెట్టుకుని వచ్చి చెబితే, నేనే గీసిన గీత. తెర మీద ఉంది. ఓబులేసు అరచేతిలో లేదు.

ఎలా జరిగిందో చెప్తాను, ఇందులో మాయ లేదు. కంప్యూటరులో డ్రాయింగును పొరలు పొరలుగా గీస్తాం. పైపులు ఒక పొర, రోడ్లు ఒక పొర, పాత కేబుళ్ళు ఒక పొర. గీసేవాళ్ళ వీలు కోసం ఒక పొర ఉంటుంది. దాని మీద గీసినవి తెర మీద కనిపిస్తాయి, ముద్రణలోకి రావు. కొలతల కోసం వేసుకునే అడ్డదిడ్డం గీతలకు అది పనికొస్తుంది. ఆరోజు తొందరలో కేబులును ఆ పొర మీద గీశాను. చేతితో పీడీఎఫ్‌లు చేసిన రోజుల్లోనైతే చేసిన కాగితాన్ని ఒకసారి కళ్ళతో చూసేదాన్ని. ప్రోగ్రాం వచ్చాక చూడటం మానేశాను. అది చేసింది కాబట్టి సరిగ్గానే చేసి ఉంటుంది. ఈ వాక్యాన్ని ఇంకొకరి నోట విని ఉంటే, వాళ్ళను వేదిక మీదికి లాగి ఉతికి ఉండేదాన్ని.

వలీ సార్ చెప్పినట్టు కూలీలు పారలతో, పక్క నుంచి, పైపైన మట్టి తీశారు. మూడడుగుల లోపు ఇసుక కనిపించింది. ఇసుక మీద వరసగా పేర్చిన ఇటుకలు. కేబులు వేసేవాళ్ళు తర్వాత తవ్వేవాళ్ళకు హెచ్చరికగా పేర్చేవి అవి. కానీ ముందు గడ్డపార, వెనక ఇనుప తొట్టె దిగేటప్పుడు ఇటుక ఎవరిని ఆపుతుంది? పంపుహౌసులో మోటారు తిరుగుతున్న చప్పుడు మాకు వినిపిస్తూనే ఉంది. అంటే కేబులులో కరెంటు ఉంది. తడి నేల, వట్టి కాళ్ళు, చేతిలో ఇనుము.

ఓబులేసు గట్టు మీద కూర్చుని తన కాళ్ళకేసి చూసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు, "సార్, నా పెండ్లానికి చెప్పొద్దండి. రేపటి నుంచి పనికి పంపదు." ఆపైన నా వైపు తిరిగాడు. "మేడం, దెయ్యాలు లేవంటివి. కంప్యూటర్లో కనపడి కాయితంలో మాయమైతాండాది. దీన్నేమంటారు మల్ల?"

కూలీలు నవ్వారు. నేను నవ్వలేకపోయాను. గట్టు మీద అతని పక్కనే కూర్చున్నాను. "తప్పు నాది ఓబులేసన్నా" అన్నాను. అతన్ని అన్నా అని పిలవడం అదే మొదటిసారి. "కానీలే" అన్నాడు. "టీ తాపించు. చక్కెర ఎక్కువేయమను."

తిరుగు బస్సులో వలీ సార్‌ను అడిగాను, శివారెడ్డికి మీరు చెప్తారా అని. "నేనెందుకు చెప్తా? నువ్వు గీసినావు, నువ్వు చెప్పు" అన్నారు. కిటికీలో నుంచి వరిమళ్ళు పోతున్నాయి. అడగకుండానే ఆయన తన సంగతి చెప్పారు. వయసులో ఉన్నప్పుడు అవుకు వైపు కాలువ పని. పాత డ్రాయింగు మీద ట్రేసింగు కాగితం పరిచి చేత్తో నకలు తీస్తూ, పూడ్చేసిన ఒక బావి గుర్తు వదిలేశారు. చిన్న గుండ్రం, అంతే. తవ్వుతుంటే గోడ కూలింది. ఒకాయన కాలు పోయింది.

"ఆయప్ప ఇప్పటికీ అవుకులోనే ఉండాడు పాపా. ప్రతి రంజానుకూ పోతా. ఒక్క మాటా అనడు. కూర్చోమంటాడు, టీ ఇస్తాడు. ఆ టీ దిగదు గొంతులో. అయినా పోతా." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నీకు అట్లాంటి టీ తాగే పని లేకుండా పాయ. అది చాలు ఈ పూటకు."

అప్పుడు అన్నారు ఆ మాట, తిట్టులా కాదు, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా. "సుబ్బన్న పెట్టిన కుంకుమ తుడిచినావు, మంచిదే. కానీ మొక్కడం మానలేదు నువ్వు."

మరునాడు శివారెడ్డికి అంతా చెప్పాను. అతను తెల్లబోయి, తర్వాత ఎర్రబడి, "ఆ మిషను తీసి అవతల పారేయ్. పాత పద్ధతే మేలు" అన్నాడు. నేను తల వంచుకుని నిలబడ్డాను. నా వైపు వాదించింది ఎవరనుకున్నారు? వలీ సారే.

"మిషన్ ఏం చేసింది అప్పా? చెప్పిన పని చేసింది. దాన్ని పారేస్తే మల్ల పాత డ్రాయింగు పోయి వీధి తొవ్వుతారు. నేను చేత్తో గీసిన కాలంలో తప్పు పోలేదా? తప్పు చేతిలో లేదు, మిషన్‌లో లేదు. తిరిగి అడగకపోవడంలో ఉండాది. పాపను దాన్నే బాగుచెయ్యమను."

ఉద్యోగం నిలిచిందన్నది చిన్న మాట. నన్ను నేను పనికిరానిదాన్ని అని రాసేసుకోకుండా కాపాడారు ఆయన. ప్రోగ్రాంను మళ్ళీ రాశాను. ఈసారి ఆయన నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆయనకు కంప్యూటరు రాదు. "తెర మీద ఎన్ని గీతలుండాయి, కాయితం మీద ఎన్ని వచ్చినాయి, అది లెక్కపెడతాదా?" అని అడిగారు. పెడుతుంది. తేడా వస్తే పంపకుండా ఆగిపోయేలా చేశాను. "ఆగిపోయి ఏం చేస్తాది?" మనిషిని పిలుస్తుంది. "ఆఁ, అట్ల." ఇక నీలం టిక్కులను లెక్కలోంచి పూర్తిగా తీసేశాను. మేస్త్రీ ఆ నేల మీద నిలబడి, డ్రాయింగును తన నోటితో ఒప్పజెప్పి, ఆ గొంతును ఫోనులో రికార్డు చేసి పంపాలి. ఆఫీసులో ఒక మనిషి దాన్ని డ్రాయింగు ఎదురుగా పెట్టుకుని వినాలి. విని, సరే అంటేనే ఆ పని మొదలైనట్టు. పని నెమ్మదించిందని శివారెడ్డి వారం రోజులు సణిగాడు. మూడో వారంలో పక్క ఊరి మేస్త్రీ ఒకడు ఒప్పజెబుతూ, ఎడమను కుడి అన్నాడు. శివారెడ్డి స్వయంగా విన్నాడు. తర్వాత సణగలేదు.

వలీ సార్ పోయి రెండేళ్ళు దాటింది. చివరిదాకా ఆ రికార్డులు వినే పని ఆయనే చేశారు. అడిగి మరీ పెట్టించుకున్నారు ఆ పని. చెవికి ఫోను ఆనించుకుని, వేలు డ్రాయింగు మీద నడిపిస్తూ వినేవారు. మేస్త్రీలకు ఆ సంగతి తెలుసు. అందుకే ఓబులేసు ప్రతి రికార్డు చివరా "తిన్నారా సార్?" అని చేర్చేవాడు. ఇప్పుడు ఆ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. ఓబులేసు ఇప్పటికీ అడుగుతాడు, "తిన్నావా మేడం?" అని.

నేను ఇప్పటికీ వేదికలెక్కుతాను. ఇప్పటికీ రుజువు అడుగుతాను. కానీ అప్పట్లో ఎదుటివాడి నమ్మకం మీదే నా చూపుడు వేలు ఉండేది. సందేహించడం అంటే పక్కవాడి దేవుణ్ణి సందేహించడం అనుకున్నంతకాలం నేను సగం హేతువాదినే. సొంత చేతిపనిని, సొంత తెలివిని, తాను ఎంతో ఇష్టపడి తయారుచేసుకున్న సాధనాన్ని బోనులో నిలబెట్టి ప్రశ్నించడం మిగతా సగం. అది నాకు పుస్తకాల్లో దొరకలేదు. వేరుశనక్కాయల పొట్లం ఒళ్ళో పెట్టిన మనిషి దగ్గర దొరికింది. ఆయనకు నేను ఒక్కసారైనా ధన్యవాదాలు చెప్పానా? గుర్తు లేదు. చెప్పి ఉంటే, "ఏందీ, ఒప్పజెప్పు" అని ఉండేవారు.

మీలో డ్రాయింగులు గీసేవాళ్ళు కొద్దిమందే ఉంటారు. కానీ ఏదో ఒక కాగితం పంపనివాళ్ళు లేరు. మందుల చీటీ రాస్తారు, ఉత్తర్వు పంపిస్తారు, పొలానికి ఏ మందు ఎంత కొట్టాలో ఫోనులో పెడతారు, పిల్లవాడికి బడి నోటీసు ఇస్తారు. మీరు నీడలో కూర్చుని పంపుతారు, ఇంకెవరో ఎండలో నిలబడి దాన్ని పాటిస్తారు. తప్పు మీదైనప్పుడు కాలు జారేది వాళ్ళది. అందుకే అడుగుతున్నాను. రేపు పొద్దున మీరు పంపే మొదటి కాగితం ఎవరికి పోతుందో ఆ మనిషికి ఫోను చేయండి. అందిందా అని అడగొద్దు, అర్థమైందా అని అసలే అడగొద్దు, ఎవరైనా అయిందనే అంటారు. నీ మాటల్లో తిరిగి చెప్పు అనండి. అతను చెప్పడం పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకుండా వినండి. తేడా వస్తే అతన్ని దిద్దకండి, మీ కాగితాన్ని దిద్దండి.